రెండు సీఎంఎంల మధ్య ఏడేళ్ళు

కాకినాడలో, యూనివర్సిటీ పరీక్షల విభాగం దగ్గర లైన్లో నిలబడి ఉన్నాను. నా ముందున్న కుర్రాడు వెనక్కి తిరిగి, "అక్కా, సీఎంఎం జిరాక్స్ ఒకటి పెడితే చాలా, రెండు పెట్టాలా?" అని అడిగాడు. ఒక్క క్షణం నాకు బుర్ర పనిచెయ్యలేదు. ఏడేళ్ళుగా నాకు సీఎంఎం అంటే ఒకటే. మా క్వాలిటీ గదిలో గ్రానైట్ బల్లతో ఉండే కోఆర్డినేట్ మెజరింగ్ మెషీన్, తయారైన ముక్కల కొలతలు తీసేది. ప్రోబు చివర సన్నటి కెంపు పూస, అది ముక్కని తాకినప్పుడల్లా టిక్కుమనే చప్పుడు. ఆ అబ్బాయి అడుగుతున్నది కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో గురించి. నాలుగేళ్ళ బీటెక్ మార్కులన్నీ ఒకే కాగితం మీద ఉండేది.

"రెండు పెట్టు నాన్నా, ఎందుకైనా మంచిది" అన్నాను.

ఆ సాయంత్రం సామర్లకోటలో రైలెక్కి తెనాలి వచ్చేదాకా నా మనసులో ఇదే తిరిగింది. ఒక సీఎంఎం ఉన్న చోట ఏడేళ్ళు పని చేశాను. ఆ ఏడేళ్ళ గురించి చెప్పడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. రెండో సీఎంఎంలో ఉన్నవన్నీ ఇరవై రెండో ఏడు నిండకముందు రాసిన పరీక్షలు. దానికి మాత్రం నంబరు, సీలు, సంతకం అన్నీ ఉన్నాయి.

ఉద్యోగంలో నాలుగైదేళ్ళు గడిచాక మాస్టర్స్‌కి వెళ్ళాలనుకునేవాళ్ళు ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు, ఎలా చేశావు అని. ఒక్కొక్కళ్ళకీ వాయిస్ మెసేజీలు పెట్టి పెట్టి ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నేను వెళ్తున్నది జర్మనీకి, ప్రొడక్షన్ ఇంజనీరింగ్ చదవడానికి. వేరే దేశమైనా, వేరే కోర్సైనా కాగితాల పేర్లు మారతాయి గానీ తిప్పలు మాత్రం ఇవే ఉంటాయనుకుంటున్నాను.

మాది తెనాలి. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు, అమ్మ అంగన్‌వాడీలో పని చేస్తుంది. గుంటూరు దగ్గర జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉన్న కాలేజీలో 2013 నుంచి 2017 దాకా మెకానికల్ చదివాను. పాసైన ఏడాదే శ్రీసిటీలో కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ట్రైనీగా చేరాను. సూళ్ళూరుపేటలో ముగ్గురమ్మాయిలం కలిసి ఒక గది తీసుకున్నాం. పొద్దున ఐదుంపావుకి కంపెనీ బస్సు. మొదటి రెండేళ్ళు లైన్ క్వాలిటీ, ఆ తర్వాత కొలతల గది.

ఎందుకు వెళ్దామనుకున్నానో ముందు చెప్పాలి, ఎందుకంటే దరఖాస్తు అంతా దాని మీదే నిలబడుతుంది. నాకు జీతం చాలక కాదు, ఉద్యోగం విసుగొచ్చీ కాదు. మా కొలతల గదిలో గేజ్‌లని సెట్ చేసుకోవడానికి వాడే ప్రతి మాస్టర్ రింగుకీ ఏడాదికోసారి కాలిబ్రేషన్ సర్టిఫికెట్, అంటే దాని కొలత సరిచూసి ఇచ్చే కాగితం, వస్తుంది. అది, ల్యాబులకి గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ ఒప్పుకున్న ల్యాబు ఇస్తుంది. ఆ ల్యాబు పరికరాలకి పైన ఇంకో ల్యాబు, అలా పోగా పోగా చివరికి ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ. జర్మనీలో అయితే ఆ గొలుసు చివర బ్రౌన్‌ష్వైగ్‌లో ఉన్న పీటీబీ అనే జాతీయ సంస్థ. ఆ సర్టిఫికెట్ మీద కొలత పక్కనే ఇంకో చిన్న అంకె ఉంటుంది, కొలతలో ఎంత అనిశ్చితి ఉందో చెప్పేది. ఆడిట్ రోజున అందరం దాన్ని చూపించి సంతకం పెట్టేవాళ్ళమే. ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో, మా షాపులో అది ఎంత పెరుగుతుందో లెక్క కట్టడం మాలో ఎవరికీ రాదు. నాకూ రాదు. నేర్చుకోవాలనిపించింది. అంతే.

గేట్ రాసి ఎం.టెక్ చెయ్యొచ్చు కదా అని మా మామయ్య అన్నాడు. అది మంచి దారే. స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది, సీటొస్తే నెలకి 12,400 స్టైపెండ్ కూడా ఇస్తారు. కానీ షిఫ్టు డ్యూటీలు చేస్తూ బీటెక్ సిలబస్ అంతా మళ్ళీ బట్టీ వేసే ఓపిక నాకు లేదు. పైగా నేను ఏడేళ్ళలో నేర్చుకున్నది ఆ మూడు గంటల పరీక్షలో ఎక్కడా పనికిరాదు.

జర్మనీలో పనికొస్తుందనుకుని అటు వెళ్ళాను. మొదటి దెబ్బ అక్కడే తగిలింది.

జర్మనీలో మార్కులు తలకిందులుగా ఉంటాయి. 1.0 అంటే అన్నిటికన్నా మంచిది, 4.0 అంటే బొటాబొటీ పాస్. మన శాతాన్ని వాళ్ళ లెక్కలోకి మార్చడానికి బవేరియన్ ఫార్ములా అని ఒకటుంది. గరిష్ఠ మార్కుల్లోంచి మన మార్కులు తియ్యాలి. దాన్ని, గరిష్ఠం నుంచి పాస్ మార్కు తీసేస్తే వచ్చినదానితో భాగించాలి. మూడుతో గుణించి ఒకటి కలపాలి. నాది 67.4 శాతం. నూట్లోంచి 67.4 పోతే 32.6. నూట్లోంచి పాస్ మార్కు 40 పోతే 60. లెక్క కడితే 2.63. నేను ఇష్టపడ్డ మొదటి రెండు కోర్సులూ 2.5 లేదా అంతకన్నా మంచిది ఉండాలన్నాయి. 70 శాతం ఉంటే సరిగ్గా 2.5 వచ్చేది.

ఆ రాత్రి మెమో ముందేసుకుని కూర్చున్నాను. మొదటి సంవత్సరం మ్యాథ్స్‌లో 42. అది కూడా రెండోసారి రాస్తే వచ్చింది. ఆ ఏడాది అమ్మకి ఆపరేషన్ అయింది, నేను రోజూ తెనాలి నుంచి గుంటూరు వెళ్ళొచ్చేదాన్ని. ఆ కాగితం మీద అదేమీ ఉండదు, ఉండక్కర్లేదు కూడా. కానీ పద్దెనిమిదేళ్ళప్పుడు వచ్చిన ఆ 42 ఇరవైతొమ్మిదేళ్ళ నన్ను ఒక గుమ్మం దగ్గర ఆపేస్తోందంటే ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

మర్నాడు కొంచెం తేరుకుని కోర్సుల నిబంధనలు ఒక్కొక్కటే, చిన్న అక్షరాలతో సహా చదవడం మొదలుపెట్టాను. ఇది ముందే చెయ్యాల్సిన పని. పని అనుభవం ఉన్నవాళ్ళు తెలుసుకోవాల్సిన తేడాలు నాకు అక్కడ రెండు కనిపించాయి.

మొదటిది, అక్కడి మాస్టర్స్‌లో రెండు రకాలున్నాయి. బీటెక్‌కి కొనసాగింపుగా చదివేది ఒకటి. ఉద్యోగం చేసినవాళ్ళ కోసమే పెట్టినది ఇంకొకటి. ఈ రెండోదానికి సాధారణంగా కనీసం ఒక ఏడాది అనుభవం తప్పనిసరి, ఫీజు కూడా ఉంటుంది. మొదటి రకానికి చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టరుకి కొన్ని వందల యూరోలు కడితే సరిపోతుంది. అన్నిచోట్లా మాత్రం కాదు. బాడెన్-వ్యూర్టెంబర్గ్ రాష్ట్రంలో మనలాంటి బయటి దేశాలవాళ్ళకి 2017 నుంచి సెమిస్టరుకి 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో 2024 శీతాకాలం సెమిస్టరు నుంచి మాస్టర్స్‌కి సెమిస్టరుకి 4,000 లేక 6,000 యూరోలు. "జర్మనీలో చదువు ఫ్రీ" అని ఎవరైనా చెబితే ఏ ఊరు, ఏ కోర్సు అని అడగండి.

రెండోది నాకు ఇంకా ముఖ్యమైంది. అక్కడ యూనివర్సిటీలు కాక హోఖ్‌షూలే అని ఇంకో రకం విద్యాసంస్థలున్నాయి. అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలంటారు. అక్కడ ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ ఒక్కటే చాలదు. కనీసం ఐదేళ్ళు పనిచేసి ఉండాలి, అందులో మూడేళ్ళైనా యూనివర్సిటీ బయట చేసి ఉండాలి. ఇది చదివినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. నా దరఖాస్తు చదివేది షాపు ఫ్లోరులో నిలబడ్డ మనిషి. వాటిలో కొన్ని కోర్సులు మార్కులతో పాటు పని అనుభవానికి కూడా పాయింట్లు కలుపుతున్నాయి.

ఇక ఆ అనుభవాన్ని నిరూపించాలి.

మా హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను. మూడు వారాలకి లెటర్ వచ్చింది. ఫలానా తేదీన చేరారు, ప్రస్తుతం ఫలానా హోదాలో ఉన్నారు, ప్రవర్తన బాగుంది. మూడు లైన్లు. నేనేం చేశానో ఒక్క ముక్క లేదు. పని వివరాలు రాయమని అడిగితే, కంపెనీ ఫార్మాట్ అదే, మార్చడానికి వీల్లేదన్నారు. అక్కడ కూర్చున్న అమ్మాయి తప్పేం లేదు, ఆమెకిచ్చిన ఫార్మాట్ అది. కానీ ఏడేళ్ళు పండగలకి కూడా షిఫ్టుకి వచ్చిన మనిషి గురించి "ప్రవర్తన బాగుంది" అని మాత్రమే రాసిచ్చే పద్ధతి నాకు అప్పుడూ అన్యాయంగానే అనిపించింది, ఇప్పుడూ అలాగే అనిపిస్తోంది. జర్మనీలో ఉద్యోగం మానేటప్పుడు చేసిన పనులన్నీ వివరంగా రాసి సర్టిఫికెట్ ఇవ్వడం రివాజు. వాళ్ళు మన దగ్గర్నుంచీ అలాంటిదే వస్తుందనుకుంటారు.

ఆ మూడు లైన్ల లెటరు పట్టుకుని మా మేనేజర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయనది తిరువళ్ళూరు. నాతో తమిళం కలిసిన తెలుగులో మాట్లాడతారు. చదివి పక్కన పెట్టేసి, "నువ్వేం చేశావో నువ్వు రాసుకురా అమ్మా. అబద్ధం లేకుండా రాయి. నేను లెటర్‌హెడ్ మీద సంతకం పెడతాను, ప్లాంట్ హెడ్‌తో నేను మాట్లాడతాను" అన్నారు.

సరే, రాద్దామని కూర్చున్నాను. గంట గడిచినా ఐదు లైన్లు దాటలేదు. "ఇన్‌స్పెక్షన్ చేశాను. రిపోర్టులు తయారు చేశాను. ఆడిట్‌లకి సహకరించాను." ఏడేళ్ళు ఇంతేనా?

అప్పుడు గుర్తొచ్చాయి డైరీలు. ట్రైనీగా చేరిన మొదటి నెలలో ఒక సీనియర్ ఆపరేటర్ అన్న, "మేడమ్, షిఫ్ట్ లాగ్ బుక్కులో అందరూ చూసేది రాస్తారు. మీకు అర్థం కానిది విడిగా రాసుకోండి" అన్నాడు. ఎరువుల కొట్టువాళ్ళు ఏటా నాన్నకి ఇచ్చే జేబు డైరీలు నేను తెచ్చుకునేదాన్ని. ఏడేళ్ళవీ సూట్‌కేసులో అడుగున ఉన్నాయి. కూలెంట్ మరకలతో అట్టలు ఉబ్బిపోయి ఉన్నాయి.

ఒక పేజీ ఇక్కడ రాస్తాను. 2021 ఏప్రిల్. "మధ్యాహ్నం షిఫ్ట్. మిషన్ 4. బోరు ఎయిర్ గేజ్‌లో పెద్దది చూపిస్తోంది. ఆపరేటర్ ఆఫ్‌సెట్ తగ్గించాడు. సాయంత్రం సీఎంఎంలో అదే ముక్కలు చిన్నవి వచ్చాయి. రిజెక్ట్. ఎందుకు?" కింద రెండు గీతలు కొట్టి ఉంది.

అది అల్యూమినియం పంప్ హౌసింగ్. అందులో 60 మిల్లీమీటర్ల బోరు, అంటే గుండ్రటి రంధ్రం, ఉంటుంది. దాన్ని గాలితో కొలిచేది ఎయిర్ గేజ్. ఆఫ్‌సెట్ అంటే మిషన్ ఎంత కొయ్యాలో సర్దే అంకె. కొలత అటూ ఇటూ పోవడానికి ఉన్న వెసులుబాటు, అంటే టాలరెన్స్, మొత్తం 25 మైక్రాన్లు. మిల్లీమీటరులో నలభయ్యో వంతు. ఆ వేసవంతా పొద్దున షిఫ్టులో బాగానే వచ్చేది. మధ్యాహ్నం షిఫ్టు వచ్చేసరికి రిజెక్షన్లు. టూలు అరిగిపోయిందన్నారు, మార్చారు. ఫిక్స్‌చర్ వదులైందన్నారు, బిగించారు. ఆపరేటర్లు సరిగ్గా కొలవట్లేదన్నారు. చివరికి వచ్చేసరికి ఆ మాటే మిగిలింది, ఇద్దరికి మెమో కూడా ఇచ్చారు.

నేను పది రోజులు ఆ మిషన్ పక్కన నిలబడ్డాను. మిషన్లోంచి బయటికొచ్చిన ముక్కని చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. అంతకు ముందు వందసార్లు పట్టుకున్నాను, ఎప్పుడూ ఆలోచించలేదు. టెంపరేచర్ గన్‌తో చూస్తే ముక్క 38 డిగ్రీలు. ఎయిర్ గేజ్‌ని సెట్ చేసే మాస్టర్ రింగు మాత్రం ఏసీ క్యాబిన్‌లో 23 దగ్గర ఉంది. అల్యూమినియం ఒక మీటరు పొడవుకి, ఒక డిగ్రీ వేడికి సుమారు 23 మైక్రాన్లు పెరుగుతుంది. 60 మిల్లీమీటర్లు, 15 డిగ్రీల తేడా. లెక్క కడితే 20 మైక్రాన్ల పైనే. టాలరెన్స్ మొత్తం 25. అంటే బోరు సరిగ్గానే ఉంది. వేడికి సాగింది. గేజ్ పెద్దదని చెప్పింది, ఆపరేటర్ నమ్మి బోరు చిన్నది చేశాడు, సీఎంఎం గదిలో 20 డిగ్రీల దగ్గర చల్లారాక అది నిజంగానే చిన్నదై కూర్చుంది. కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గర చెప్పుకోవాలన్నది ప్రపంచమంతటికీ ఒకటే నియమం. పుస్తకంలో చదివాను. చేతికి తగిలేదాకా తెలియలేదు.

మేం చేసినది పెద్దదేం కాదు. మాస్టర్ రింగుని మిషన్ పక్కనే పెట్టాం, ముక్కని ఇరవై నిమిషాలు ర్యాకులో ఆరనిచ్చి కొలవడం మొదలుపెట్టాం. ఆగడానికి కుదరనప్పుడు చూసుకోవడానికి, ఇన్ని డిగ్రీలైతే ఇన్ని మైక్రాన్లు తియ్యాలి అని నేను చేత్తో ఒక పట్టీ రాసి మిషన్‌కి అతికించాను. రిజెక్షన్లు తగ్గాయి. ఆ ఇద్దరి మెమోలూ వెనక్కి తీసుకున్నారు. నా ఉద్యోగంలో నేను అన్నిటికన్నా గర్వపడేది ఆ మెమోల విషయం.

ఇది ఎక్కడా కాగితం మీద లేదు. నా డైరీలో తప్ప.

ఆ రాత్రి నుంచి రెండు వారాలు డైరీలు తిరగేసి, అలాంటివి పదకొండు తీశాను. అందులోంచి నాలుగు పెట్టి, తేదీలతో, నేను చేసింది ఏది, టీమంతా చేసింది ఏది విడదీసి రాసి మేనేజర్ గారికి ఇచ్చాను. ఆయన ఎర్ర పెన్నుతో ఒకచోట "ఐ" (నేను) కొట్టేసి "వి" (మేము) అని రాశారు. ఇంకోచోట "వి" కొట్టేసి "ఐ" అని రాశారు. సంతకం పెట్టి సీలు వేశారు. ఆ డ్రాఫ్టు ఇప్పటికీ దాచుకున్నాను.

మోటివేషన్ లెటర్, అంటే ఈ కోర్సు నాకెందుకో చెప్పే ఉత్తరం, దాని విషయం కూడా చెప్పాలి. మొదట్లో నేను విజయవాడలో ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాను. డబ్బు కట్టాను. వాళ్ళు రెండు రోజుల్లో రాసిచ్చారు. "చిన్నప్పటి నుంచి యంత్రాలంటే నాకు ఎనలేని ఆసక్తి" అని మొదలైంది. జర్మనీ ఆర్థిక వ్యవస్థ గొప్పదనం ఒక పేరా, ఆ యూనివర్సిటీ ర్యాంకు గురించి ఒక పేరా. ఇంగ్లీషు బాగుంది, తప్పుల్లేవు. కానీ అందులో నా పేరు తీసేసి నా క్లాస్‌మేట్ పేరు పెడితే సరిపోతుంది. నేను చిన్నప్పుడు యంత్రాల మీద ఆసక్తి పడలేదు. నాన్న ఒంటికి గ్రీజు వాసన వస్తోందని దూరంగా కూర్చునేదాన్ని. పరాయివాళ్ళు రాసిన అబద్ధం కింద నా సంతకం పెట్టడం నాకు చేతకాలేదు. అది పక్కన పడేసి, "2021 ఏప్రిల్‌లో ఒక అల్యూమినియం ముక్క నా చేతికి వెచ్చగా తగిలింది" అని మొదలుపెట్టి నేనే రాశాను. నా ఇంగ్లీషు అంత బాగుండదు. తొమ్మిదిసార్లు తిరగరాశాను. మా రూమ్మేట్ వ్యాకరణం చూసిపెట్టింది. ఒకటిన్నర పేజీకి ఆరు వారాలు పట్టింది. ఉద్యోగం చేస్తూ అప్లై చేసేవాళ్ళు ఈ పనికి తీసుకునే టైము చాలా తక్కువ. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకి మూడు నెలలు చదువుతారు, దీన్ని మూడు రోజుల్లో కొనేస్తారు. దయచేసి అలా చెయ్యకండి.

ఐఈఎల్‌టీఎస్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. చాలావాటికి 6.5 అడుగుతారు. నాకు 7 వచ్చింది.

మిగతా కాగితాలు గబగబా చెప్పేస్తాను. ఏపీఎస్ సర్టిఫికెట్: మన చదువు నిజమేనని ఢిల్లీలో పరిశీలించి ఇచ్చేది. 2022 నవంబరు నుంచి మన విద్యార్థులకి వీసా కావాలంటే ఇది తప్పనిసరి. నేను కట్టినప్పుడు 18,000 రూపాయలు. ముందుగా దీనికే అప్లై చెయ్యండి, ఇది ఆలస్యమైతే మిగతావన్నీ ఆగిపోతాయి. యూని-అసిస్ట్: చాలా యూనివర్సిటీల దరఖాస్తులు దీని ద్వారా వెళ్తాయి. ఒక సెమిస్టరులో మొదటి దరఖాస్తుకి 75 యూరోలు, తర్వాత ఒక్కోదానికి 30. ఒరిజినల్ డిగ్రీ: నా దగ్గర ఏడేళ్ళుగా ప్రొవిజనల్ మాత్రమే ఉంది. ఉద్యోగానికి అది సరిపోయింది, నేను ఓడీకి అప్లై చెయ్యనే లేదు. కాకినాడ వెళ్ళింది దానికీ, ట్రాన్స్‌క్రిప్ట్‌లకీ. ఇది చదువుతున్నవాళ్ళలో సగం మంది దగ్గర ఓడీ ఉండదని నాకు తెలుసు. ఈ నెలలోనే పెట్టండి.

ఇంటిపేరు సంగతి చూసుకోండి. నా టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. రెండూ ఒకరివేనని అఫిడవిట్ చేయించాను.

ఒక్క సంగతి మాత్రం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఒక చోట నేను దానివల్లే పోగొట్టుకున్నాను. వాళ్ళు ఈసీటీఎస్ అనే క్రెడిట్లలో లెక్క చూస్తారు. ఒక్క క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల చదువు, ఏడాదికి 60. మన నాలుగేళ్ళ బీటెక్ మొత్తం మీద వాళ్ళ డిగ్రీకి తక్కువేం కాదు. కానీ గణితంలో ఇన్ని, మెకానిక్స్‌లో ఇన్ని అని విడివిడిగా అడుగుతారు. మన సబ్జెక్టు పేరు చూసి వాళ్ళకి లోపలేముందో తెలియదు. నా మొదటి దరఖాస్తులో సబ్జెక్టుల పేర్లు మాత్రమే పంపాను. గణితం క్రెడిట్లు చాలవని తిప్పి పంపారు. తర్వాత దరఖాస్తులకి మా రెగ్యులేషన్ సిలబస్ పుస్తకం డౌన్‌లోడ్ చేసి, హీట్ ట్రాన్స్‌ఫర్‌లో ఏ యూనిట్లో ఏముంది, వారానికి ఎన్ని గంటలు, అన్నీ పట్టిక వేసి పెట్టాను. నాలుగు ఆదివారాల పని. అది ఉన్నాక ఎవరూ క్రెడిట్ల గురించి అడగలేదు.

కాలేజీ నుంచి ఒక రికమండేషన్ కావాల్సొచ్చింది. మాకు స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ చెప్పిన సార్ ఇప్పుడు వేరే కాలేజీలో ఉన్నారు. ఫోన్ చేస్తే పేరు చెప్పగానే పోల్చుకోలేదు. "ల్యాబులో టార్షన్ మిషన్ డయల్ తప్పు చూపిస్తోందని మూడుసార్లు రీడింగ్ తీశాను సార్" అన్నాను. "ఆ అమ్మాయివా!" అన్నారు. ఆ సంగతే లెటర్లో రాశారు. అదంతా నేను అప్పటికే మర్చిపోయాననుకున్నాను.

మొత్తం ఐదుచోట్ల పెట్టాను. ఒకటి గ్రేడు చాలక పోయింది. ఒకటి క్రెడిట్లు. ఒక దాన్నుంచి ఇప్పటికీ జవాబు లేదు. ఒకటి వెయిటింగ్. ఐదోది, జర్మనీ తూర్పు వైపు ఒక చిన్న ఊళ్ళో హోఖ్‌షూలే, వీడియో ఇంటర్వ్యూకి పిలిచింది.

ఆ రోజు పొద్దున షిఫ్టు చేసుకుని వచ్చి, గదిలో ఫ్యాను చప్పుడు వినపడకుండా ఆపేసి కూర్చున్నాను. చెమటలు కారిపోతున్నాయి. అటు ఇద్దరున్నారు. కుశల ప్రశ్నలు ఒక నిమిషం. తర్వాత పెద్దాయన నా లెటరు చేతిలో పట్టుకుని, "మీ పట్టీలో ముక్క అంతటా ఒకే ఉష్ణోగ్రత ఉందనుకున్నారు. పలచటి గోడ, మందపాటి గోడ ఒకేలా చల్లారతాయా?" అని అడిగారు.

చల్లారవు. నేను అది ఆలోచించలేదు. బోరుకి ఒక పక్కన గోడ పలచగా ఉంటుంది. అంటే బోరు గుండ్రం కూడా మారుతూ ఉంటుంది. "నేను కొలవలేదు సార్. మా గేజ్ సగటు మాత్రమే చూపిస్తుంది. అది నా పట్టీలో లోపమే" అన్నాను. తర్వాత నాకే తెలియకుండా, అయితే దాన్ని ఎలా కొలవాలి అని నేను ఆయన్ని అడిగాను. ఆయన కాగితం మీద బొమ్మ గీసి కెమెరాకి చూపించారు. ఇరవై నిమిషాల ఇంటర్వ్యూలో పన్నెండు నిమిషాలు ఆ బోరు మీదే గడిచాయి. మ్యాథ్స్‌లో వచ్చిన 42 గురించి ఎవరూ అడగలేదు.

మే చివర్లో ఆఫర్ వచ్చింది.

డబ్బు సంగతి: వీసాకి ఏడాది ఖర్చు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వెయ్యాలి. ఇప్పుడది 11,904 యూరోలు, నెలకి 992 చొప్పున మనకి తిరిగొస్తుంది. మన డబ్బుల్లో పదకొండు లక్షలు దాటింది. నా పొదుపు ఆరు లక్షలు, మిగతాది లోను. పెళ్ళికని దాచిన డబ్బు తీస్తానని అమ్మ అంది. వద్దన్నాను. ముప్పై వస్తున్నాయి, ఇంకో రెండేళ్ళు చదువంటే సంబంధాలెలా వస్తాయని చుట్టాలు అమ్మని అడుగుతూనే ఉన్నారు. అమ్మ ఏం చెబుతోందో నాకు తెలియదు గానీ, నా దాకా ఒక్క మాట రానివ్వలేదు.

ఆఫర్ వచ్చిన ఆదివారం తెనాలి వెళ్ళాను. అసలు ఏం రాశావు అంత, అని నాన్న అడిగితే లెటర్ తీసి తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. బోరు, ఎయిర్ గేజ్, వెచ్చటి ముక్క. నాన్న అరుగు మీద కూర్చుని వింటున్నాడు. అంతా అయ్యాక, "మా డిపోలో బ్రేకు డ్రమ్ము వేడి మీద కొలిస్తే ఫోర్‌మన్ ఊరుకునేవాడు కాదు తల్లీ" అన్నాడు. "బస్సు రాగానే డ్రమ్ము ఊడదీసి నేల మీద పెట్టి, టీ తాగొచ్చాక కొలిచేవాళ్ళం. ఎందుకని మేం అడగలేదు, ఆయనా చెప్పలేదు."

ఇరవై నిమిషాలే పట్టేదా అని అడిగాను. డ్రమ్ము ఇనుము కదా, ఇంకా ఎక్కువే పట్టేదన్నాడు. డ్రమ్ములో ఒకపక్క తొందరగా చల్లారేదా అంటే, కాసేపు ఆలోచించి, అంచు ముందు చల్లారేదనీ, చేత్తో తడిమితే తెలిసేదనీ చెప్పాడు. లోపలికెళ్ళి డైరీ తెచ్చుకుని, అది రాసుకున్నాను.

వచ్చే నెల 12న వీసా అపాయింట్‌మెంట్. ఫైలులో ముందు సీఎంఎం, దాని వెనక మేనేజర్ గారి లెటరు పెట్టాను. మిషన్‌కి అతికించిన పట్టీ నూనె పట్టి అంకెలు కనిపించడం లేదని నిన్న ఆపరేటర్ అన్న ఫోన్ చేశాడు. వెళ్ళేలోపు ఇంకోటి రాసిచ్చి, దానికి ప్లాస్టిక్ కవరు వేయించాలి.